తెల్ల వ్యాగన్ ఎర్త్ వైరు

పోయిన నెల ఒక మధ్యాహ్నం రాయచోటిలో మా ఇంటి ఫోను మోగింది. ఎత్తితే గోదావరి యాస. "రాయచోటి డ్రైవరు గారేనాండీ? మా ఆయన పోయారండి. మీకు తప్పకుండా చెప్పమన్నారు" అంది అవతలి గొంతు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆమె భర్తతో మాత్రం యుద్ధం నాటి కువైట్‌లో రెండు నెలలు ఒకే గదిలో ఉన్నాను. ఒకే గిన్నెలో కలుపుకుని తిన్నాం.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా తన సంగతి ఎవరికీ చెప్పుకోని మనిషి. నేను "అన్నా" అని పిలిచేవాణ్ణి. ఆ వీధిలో అరబ్బులకు, పాకిస్తానీలకు, మలయాళీలకు ఆయన "కహరబా". అంటే కరెంటు.

షువైఖ్ గ్యారేజీల వీధిలో ఆయన కార్ల ఎలక్ట్రీషియన్. పొట్టి మనిషి. కళ్లజోడు జారిపోకుండా వెనక దారం కట్టుకునేవాడు. నేను సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్ని. ఆ ఇంటికి ఒక తెల్ల వ్యాగన్ ఉండేది. ఎనిమిది మంది పట్టే పొడుగాటి అమెరికా బండి. ఒక ఎండాకాలం అది సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడల్లా ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒక గ్యారేజీ వాడు పంపు మార్చాడు, ఇంకొకడు ప్లగ్గులు మార్చాడు, మూడోవాడు కంప్యూటర్ పోయిందన్నాడు. విసిగిపోయి నాలుగో చోటికి, ఈయన దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన బానెట్ ఎత్తుతాడని చూస్తున్నాను. ఎత్తలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పు తమ్ముడూ."

"ఏముంది న్నా, ఆగిపోతాంది."

"అలాక్కాదు. ఎప్పుడాగుద్ది? ఏసీ ఏసినప్పుడా, ఏయనప్పుడా? ఆగేముందు లైటెలిగిందా, ఆగాక ఎలిగిందా? గతుకులో పడ్డాక ఏవన్నా తేడా ఉందా?"

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు డాక్టరు కూడా అన్ని ప్రశ్నలు అడగలేదు.

ఇప్పటిలా తెరమీద చూపించే యంత్రాలు ఆ వీధిలో అప్పటికి ఎవరి దగ్గరా లేవు. ఆ బండ్లకు స్టీరింగు కింద ఒక చిన్న ప్లగ్గు ఉండేది. దానిలో రెండు రంధ్రాలను వైరుతో కలిపితే మీటర్ల దగ్గరున్న ఇంజన్ లైటు మిణుకు మిణుకుమనేది. ఆ మిణుకులే బండి చెప్పే మాట. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలిగితే పన్నెండు అని లెక్క. ఒక్కో నంబరుకు ఒక్కో జబ్బు. ఆయన వైరు వాడేవాడు కాదు. భార్య తలపిన్ను ఒకటి వంచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. దాన్ని రంధ్రాల్లో దూర్చి, ఎండలో లైటు కనబడదు గనక తలమీంచి స్టీరింగు దాకా తువ్వాలు కప్పుకుని, ఆవిరి పట్టేవాడిలా లోపల కూర్చునేవాడు. తువ్వాలు కిందినుంచి లెక్క వినబడేది. "ఒకటి... ఒకటి, రెండు." ఏ నంబరైనా మూడేసి సార్లు చెబుతుంది బండి. మూడుసార్లూ లెక్కపెట్టేవాడు.

మొదట వచ్చే పన్నెండు జబ్బు కాదట. "నేను మాట్లాడగలను" అని బండి చెప్పడమట. ఆయన దాన్ని నమస్కారం అనేవాడు.

"నమస్కారం పెట్టింది. ఇంక సూద్దాం ఏవంటదో."

నంబరు తెలిసినా వెంటనే సామాను మార్చేవాడు కాదు. "నంబరు దొంగోడు ఏ వీధిలో ఉన్నాడో చెబుద్ది గానీ, ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పదు తమ్ముడూ. మనవే ఎల్లి తలుపులు కొట్టాలి" అనేవాడు. ముందుగా ఆయన చెయ్యి పోయేది ఎర్త్ వైరు మీదికే. మా వ్యాగన్‌లోనూ తప్పు అక్కడే దొరికింది. ఇంజను వెనక బోల్టు కింద తుప్పు పట్టిన చిన్న వైరు. గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. అంతే. మళ్లీ ఆ బండి సిగ్నల్ దగ్గర ఆగిపోలేదు.

గ్యారేజీ యజమాని ముసలి కువైటీ. అందరం అర్బాబ్ అనేవాళ్లం. ఒకసారి డబ్బున్న ఆసామి ఒకడు కారు తెస్తే, కంప్యూటర్ పోయిందని చెప్పమని అర్బాబ్ కన్ను గీటాడట. పోలేదని ఆసామి ముందే చెప్పేశాడు ఈయన. అర్బాబ్ రెండు రోజులు ముఖం తిప్పుకుని, మూడో రోజు నుంచి వచ్చిన ప్రతివాడికీ అదే కథ గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. "ఇతను నా హిందీ, నా ఇండియావాడు. బండి ఏం చెబితే అదే చెబుతాడు" అని భుజం మీద చెయ్యి వేసేవాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ కుటుంబం అప్పటికే వేసవికని విదేశానికి పోయి ఉంది. వారం తిరక్కముందే సైనికులు ఇంట్లో దూరి, తుపాకీ చూపించి వ్యాగన్ తాళంచెవి తీసుకున్నారు. నన్ను బయటికి గెంటారు. జేబులో ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, ఒక్కటే మిగిలింది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండిపోయింది. ఒక పూటంతా ఎండలో నడిచి షువైఖ్ చేరాను. గ్యారేజీ వెనక గదిలో ఆయన చాప దులిపి వేశాడు. ఎందుకొచ్చావని అడగలేదు.

అప్పటికి గ్యారేజీని కూడా సైనికులు పట్టుకున్నారు. ఊళ్లో దోచిన కార్లు అక్కడికి తెచ్చేవాళ్లు. వాటిని నడిచేలా చెయ్యడం ఆయన పని. రాకపోకల లెక్క చూడడానికి ఒక హవల్దారును పెట్టారు. యాభై ఏళ్ల మనిషి, మళ్లీ పిలిపించి యూనిఫారం తొడిగారట. బసరా దగ్గర పల్లెలో పంపుసెట్లు బాగుచేసుకుని బతికేవాడు. పనిమంతుడు గనక పని తెలిసినవాడి పక్కన కూర్చోవడం ఆయనకు ఇష్టం. తువ్వాలులో తనూ తల దూర్చి లైటు చూసేవాడు. నెల తిరిగేసరికి తెలుగులో లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. "ఒకటి... ఒకటి, రెందు" అనేవాడు. 'డు' పలికేది కాదు. సంచిలో మాకు సమూన్ రొట్టెలు, టమాటాలు తెచ్చేవాడు.

మా తెల్ల వ్యాగన్ కూడా తిరిగి తిరిగి ఆ గ్యారేజీకే వచ్చింది. హవల్దారు దాన్ని చూసి మురిసిపోయాడు. "ఇంటికి పొమ్మన్న రోజు ఇందులో పోతాను. నా కూతుళ్లు అయిదుగురూ పడతారు" అన్నాడు నాతో. అది నేను నడిపిన బండి అని చెప్పలేదు.

మొదట్లో అన్న అన్ని బండ్లనూ సక్రమంగానే బాగుచేశాడు. "బండికేం తెలుసు తమ్ముడూ, ఎవడెక్కాడో" అనేవాడు.

సెప్టెంబరులో ఒక ఉదయం ఒక అధికారి స్టార్టు కాని కారును తోయించుకుని వచ్చాడు. ఆ రోజు హవల్దారు లేడు. అన్న పది నిమిషాల్లో తప్పు పట్టి స్టార్టు చేశాడు. అధికారి బాగుందని తలూపి, లోపలికి పోయి అర్బాబ్‌ను బయటికి తెచ్చాడు. అర్బాబ్ మేజాలో సైన్యానికి వ్యతిరేకంగా ఏవో కాగితాలు దొరికాయట. అదే కారులో వెనక సీట్లో కూర్చోబెట్టారు. అర్బాబ్ కిటికీలోంచి అన్నను చూసి, "యల్లా, లోపలికి పో, పని చూసుకో" అన్నాడు, ఏమీ జరగనట్టే. ఇంజను నున్నగా పలుకుతుండగా కారు మలుపు తిరిగిపోయింది. అర్బాబ్ మళ్లీ రాలేదు. తర్వాత కూడా ఎక్కడా ఆయన ఆచూకీ దొరకలేదు.

"నేను స్టార్టు చేసిన బండి తమ్ముడూ అది" అన్నాడు అన్న. ఆ రోజంతా ఆ ఒక్క మాటే.

మర్నాటి నుంచి ఆయన పని మారింది. బాగుచెయ్యడానికి వచ్చిన ప్రతి బండిలోనూ కంప్యూటర్‌కు పోయే ఎర్త్ వైరును వెతికేవాడు. పైన తొడుగు కాస్త కోసి, లోపలి రాగి పోగుల్ని ఒక్కొక్కటే కత్తిరించి, ఒకటో రెండో మిగిల్చి, మళ్లీ టేపు చుట్టేవాడు. చల్లగా ఉన్నంతసేపు బండి చక్కగా నడుస్తుంది. చాలా దూరం పోయి వేడెక్కి ఊగితే ఆ పోగు తెగుతుంది. నేను బానెట్ పట్టుకుని అడ్డంగా నిలబడేవాణ్ణి.

"లైటు చెప్పెయ్యదా న్నా?" అని అడిగాను.

"చెప్పదు. ఆ వైరు తెగితే లైటు కూడా ఎలగదు. తెగనంతసేపూ ఏ నంబరూ రాదు."

తెల్ల వ్యాగన్‌కు కూడా అదే చేస్తుంటే నేను ఆపబోయాను. "ఇది హవల్దారుది గదా న్నా" అన్నాను.

"అందరూ ఒకటే" అన్నాడు తలెత్తకుండా.

ఆ సాయంత్రమే హవల్దారు వచ్చి, లోపలికి కూడా రాకుండా వ్యాగన్‌ను తన శిబిరానికి తోలుకుపోయాడు. మర్నాడు వచ్చి అర్బాబ్ సంగతి విన్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు. తను ఉంటే జరగనిచ్చేవాణ్ణి కాదని అరబ్బీలో ఏదో గొణిగాడు. తెచ్చిన రొట్టెలు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. అన్న ఆ రొట్టెలు ముట్టలేదు.

అక్టోబరులో మనవాళ్లు బస్సుల్లో బసరా, బాగ్దాదు మీదుగా అమ్మాన్‌కు పోతున్నారని తెలిసింది. పాస్‌పోర్టు లేని నాకు రాయబార కార్యాలయం ఒక కాగితం ఇచ్చింది. దారిలో సైనికులు ఆపకుండా ఇంకో కాగితం రాసిచ్చింది హవల్దారు. అన్నకూ రాసివ్వాలని చూశాడు గాని పైవాళ్లు ఒప్పుకోలేదు, ఆయన పోతే కార్లెవరు చూస్తారని.

బస్సెక్కే రోజు అన్న నా సంచి మోసుకొచ్చాడు. ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"హవల్దారుకి చెప్పేస్తాను తమ్ముడూ. బండి ఇక్కడికి తెమ్మని, కలిపేస్తాను. ఆ మనిషి మనకి..."

నేను అటూ ఇటూ చూశాను. "చెప్పొద్దు న్నా. ఆయప్ప మంచోడే, పక్కనోళ్లకు తెలిస్తే నిన్ను ఈడనే కాల్చేస్తారు. నోరు మూసుకోని ఉండు. నీకు పుణ్యముంటాది."

ఆయన సంచి పైకి అందించాడు. బస్సు కదిలింది. నా కాగితం మీద హవల్దారు సంతకం ఉంది. అది చూపించినచోటల్లా దారి ఇచ్చారు.

తర్వాతి వేసవిలో మళ్లీ కువైట్ పోయాను. అప్పుల వల్ల కాదు, ఊళ్లో ఉండబుద్ధి కాక. చమురు బావులు ఇంకా మండుతున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడు పట్టపగలు బండ్లకు లైట్లు వేసుకోవాల్సి వచ్చేది. అన్న అదే గ్యారేజీలో ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. నన్ను చూడగానే బాగున్నావా అని కూడా అడగలేదు. చేతిలో పని వదిలేసి, ఫిబ్రవరిలో జరిగింది చెప్పాడు.

ఇరాక్ సైన్యం వెనక్కి పారిపోతున్న రోజున హవల్దారు వ్యాగన్ తీసుకుని గ్యారేజీకి వచ్చాడట. వెంట ఇద్దరు సైనికులున్నారు. వాళ్లు గోడవార ఉన్న టైర్లు బండి మీదికి ఎక్కిస్తుంటే, హవల్దారు అన్నను పిలిచి ఒకసారి చూడమన్నాడు. అన్న పిన్ను పెట్టాడు. ఇద్దరూ తలలు దూర్చి లెక్కపెట్టారు. నమస్కారం ఒక్కటే వచ్చింది. వేరే నంబరేదీ రాలేదు.

"బసరా దాకా పోతుందా?" అని అడిగాడు హవల్దారు.

"పోద్ది అన్నాను తమ్ముడూ. పది నిమిషాలు చాలు, వైరు కలిపేద్దును. కానీ టేపు విప్పితే కోసింది కనబడుద్ది. ఆ ఇద్దరూ పక్కనే ఉన్నారు. పోద్ది అన్నాను."

అప్పుడు హవల్దారు ఆయన మెడ పట్టుకుని కారు కింద పని చేసే గుంతలోకి నెట్టాడు. దారిలో దొరికిన మగాళ్లనందరినీ బస్సుల్లో ఎక్కించుకుపోతున్నారనీ, మర్నాటి దాకా పైకి రావద్దనీ చెవిలో చెప్పి, పైన రేకు లాగాడు. సైనికులు ఆ కరెంటు హిందీ ఏడని అడిగితే, పారిపోయాడని చెప్పాడు.

"గుంతలో కూర్చున్నాను. పైన బండి స్టార్టయ్యింది. ఒక్క కేక ఏస్తే ఆగేవోడు. నోరు రాలేదు. మలుపు తిరిగేదాకా వింటానే ఉన్నాను."

ఆ సాయంత్రం నుంచి బసరాకు పోయే ముట్లా దారిలో జరిగింది ప్రపంచమంతా చూసింది. వెనక్కి పోతున్న బండ్ల మీద అమెరికా విమానాలు బాంబులు వేశాయి. వందల బండ్లు ఉన్నచోటనే కాలిపోయాయి.

తర్వాత దారి ఖాళీ చెయ్యడానికి ఆ బండ్లలో చాలావాటిని తెచ్చి కబ్ద్ వైపు ఎడారిలో కుప్పలు పోశారు. అన్న శుక్రవారం సెలవునాటి చర్చి ప్రార్థన మానేసి ప్రతివారం అక్కడికి పోతున్నాడు. నేనూ వెంట వెళ్లాను. నాలుగో వారం నాకే కనబడింది. రంగు లేదు, అద్దాల్లేవు, టైర్లు లేవు. వెనక నేను వెల్డింగు చేయించిన కొక్కెం మాత్రం అలాగే ఉంది. లోపల ఎవరూ లేరు. ఉన్నవాళ్లను ఎప్పుడో తీసేసి ఉంటారు. లేకపోతే దిగి పారిపోయి ఉంటారు.

అన్న దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జీవితమంతా ఏ వైరునూ ఇంకొకరి మాట మీద నమ్మని మనిషి, బానెట్ వైపు చూడలేక పక్కకు తిరిగాడు.

"నువ్వు సూడు తమ్ముడూ. ఇంజను ఎనకాల."

వంకర పోయిన రేకు లేపి చెయ్యి పెట్టాను. మసి. బోల్టు తగిలింది. బోల్టును పట్టుకుని బెత్తెడు రాగి తీగ ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. తెగింది. మంటకు తెగిందో, అంతకు ముందే తెగిందో నాకు తెలియదు. తెలుసుకోవడం చేతనైన మనిషి నా వెనక నిలబడి ఉన్నాడు.

"బాగుంది న్నా. తెగలేదు" అన్నాను.

"సరిగ్గా సూశావా?"

"సూసినా న్నా."

ఆయన ఇసుకలో కూర్చుండిపోయాడు. ఏడ్చాడో లేదో పొగలో తెలియలేదు. ఆ తర్వాత ఎడారికి పోదామని నన్నెప్పుడూ పిలవలేదు. ఏడాది తిరక్కుండా పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. అక్కడ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసేవాడట. కారు ముట్టుకోమంటే వద్దనేవాడట. ఏటా క్రిస్మస్‌కు ఫోను చేసేవాడు. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడేవాడు. వ్యాగన్ మాట ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా అబద్ధం పనిచేసిందనుకుని నేను నిమ్మళంగా ఉన్నాను.

పోవడానికి మూడు వారాల ముందు ఆస్పత్రి నుంచి చేశాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"తమ్ముడూ, ఆ మరుసటి శుక్రవారం ఆ ఎడారికి నేనొక్కణ్ణే ఎల్లాను. సూశాను."

ఫోను చెవికి గట్టిగా ఆనించాను.

"మంటకి తెగితే రాగి కొన కరిగి గుండ్రంగా పూసలా అవుద్ది. ఇది సూదిలా ఉంది. ఊపుకి తెగింది. ఆ ఊపు బండి పోతుండగా వచ్చిందో, బాంబు పడ్డప్పుడు వచ్చిందో... అది నేనూ చెప్పలేను, ఎవడూ చెప్పలేడు."

"మరి ఇన్నేండ్లు నాతో ఎందుకు చెప్పలేదు న్నా?"

"హవల్దారుకి చెప్పొద్దన్నది నువ్వు గదా, బస్సు దగ్గర. ఇంక నువ్వు కూడా మొయ్యడం ఎందుకని. ఇప్పుడు నాతో పోతే ఎవరికీ తెలీదు. ఒక్కళ్లకైనా తెలిసుండాలి. ఆ మనిషికి అయిదుగురు ఆడపిల్లలు తమ్ముడూ."

చావు కబురు వచ్చాక నేను రైలెక్కి వాళ్ల ఊరు పోయాను. సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగా ఉంది. ఆయన భార్య సన్నటి ముసలామె. వరండాలో కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. ఎదురుగా గడప మీద కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "అక్కడ ఆయనకేవయ్యిందండీ? కువైట్ నుంచొచ్చాక మనిషి నాతో మనిషిలా లేడండి. పిలిస్తే పలికేవోరు కాదు. శుక్రవారం వచ్చిందంటే అన్నం తినేవోరు కాదు."

మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అర్బాబ్, హవల్దారు, గుంత, ఎడారి, నేనాడిన అబద్ధం. ఏదీ దాచలేదు. కాఫీ చల్లారిపోయింది.

అంతా విన్నాక ఆమె వీధి వైపు తిరిగింది. తర్వాత నాతో కాదు, తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది.

"అక్కడ ఇంకో ఆడమనిషి ఉందనుకున్నానండి. ఆవిణ్ణి మర్చిపోలేకే అలా ఉన్నారనుకున్నాను. లేనే లేని ఆ మనిషిని ముప్పయ్యేళ్లు తిట్టుకున్నాను. ఆయన్ని పక్కకి రానియ్యలేదు."

కొంగుతో ముఖం కప్పుకుని అలాగే గడప మీద కూర్చుండిపోయింది. నేను రైలు టైము అయినా లేవలేకపోయాను.